అడవిలో తొలి రాత్రికి పెరట్లో పాఠాలు

అడవిలో ఒక రాత్రి గడపాలని ఉందంటూ వచ్చే కుర్రాళ్లు ముందుగా అడిగేది కత్తి గురించే. ఎంత పొడవు ఉండాలి, ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది? ఆ తర్వాత టెంటు, చెకుముకి రాయి. నేను మాత్రం వాళ్లను ఒక్కటే అడుగుతాను: మీరు పడుకోబోయే చోటి నుంచి ఆసుపత్రి మంచం దాకా ఎన్ని గంటలు? రోడ్డెక్కడానికి నడక ఎంత? రోడ్డు మీద బండి దొరకడానికి ఎంత? ఆ ఆసుపత్రిలో రాత్రిపూట డాక్టరు ఉంటారా? వీటికి జవాబులు కాగితం మీద రాసుకున్నాకే కత్తి సంగతి.

అడవుల్లో, కొండల్లో ప్రథమ చికిత్స నేర్పేవాళ్లు సాధారణంగా ఒక కొలత వాడతారు. పూర్తి వైద్యం అందడానికి గంటకు మించి పట్టే ప్రతి చోటూ వాళ్ల లెక్కలో 'వైల్డర్‌నెస్' కిందికే వస్తుంది. ఆ కొలతతో చూస్తే నల్లమల, పాపికొండలు మాత్రమే కాదు, నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే పాడేరు ఏజెన్సీ గూడేలు కూడా అందులోకే వస్తాయి. వానలకు వాగు పొంగి దారి తెగిపోయిన మామూలు పల్లె కూడా ఆ ఒక్క రాత్రికి అలాంటి చోటే. అందుకే ఈ విద్యను నేను సెలవురోజు సరదాగా చూడలేను. ట్రెక్కింగ్ కోసం నేర్చుకున్నది పొలంలో పనికొస్తుంది, పెళ్లి బస్సులోనూ పనికొస్తుంది.

మొదటి రాత్రి ఇంటి దగ్గరే

నేరుగా అడవికి వెళ్లకండి. ఇంటి మేడ మీదో, పెరట్లోనో, తెలిసినవాళ్ల మామిడి తోటలోనో ఒక రాత్రి పడుకోండి. నియమం ఒక్కటే: సంచిలో పెట్టుకున్నవాటితోనే తెల్లవారాలి, ఇంట్లోకి వెళ్లి ఏదీ తెచ్చుకోకూడదు. అర్ధరాత్రి చలికి లేచి దుప్పటి చాల్లేదని గ్రహించడం, టార్చి ఎక్కడ పెట్టామో చీకట్లో తడుముకోవడం, అగ్గిపెట్టె మంచుకు మెత్తబడిపోవడం, ఇవన్నీ పెరట్లో జరిగితే పాఠాలు. కొండ మీద జరిగితే కష్టాలు. తెల్లారగానే ఏం కావాల్సి వచ్చిందో, ఏది ముట్టుకోనే లేదో రాసుకోండి. ఇలా రెండు మూడు రాత్రులు గడిపితే సంచి బరువు దానంతటదే తగ్గుతుంది.

చోటు, అనుమతి

అభయారణ్యాల్లోకి, పులుల రిజర్వుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం కూడా అదే చట్టం కింద నేరం. కాబట్టి మొదటిసారి మారేడుమిల్లి, తలకోన, మన్ననూరు లాంటి చోట్లకు వెళ్లండి. అక్కడ అటవీశాఖ పర్యాటక ఏర్పాట్లు ఉంటాయి, దారి తెలిసిన స్థానికులు తోడొస్తారు. పగటి నడకతో మొదలుపెడదామనుకుంటే ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లో తుంబురు తీర్థం, చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం ఉన్నాయి. అడవి దారి, రాళ్లు, ఎండ, దాహం అన్నీ అనుభవానికి వస్తాయి, చుట్టూ జనమూ ఉంటారు.

నల్లమలలో చెంచు మనిషి తోడొస్తే అతని వెనకే నడవండి, ముందు కాదు. అతను ఎక్కడ ఆగుతున్నాడో, ఏ చెట్టు కిందికి వెళ్లకుండా చుట్టు తిరిగి పోతున్నాడో గమనించండి. పైన తేనెపట్టు ఉండవచ్చు, పక్కన ఎలుగుబంటి తవ్విన చెదపుట్ట ఉండవచ్చు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామునా మునిమాపునా ఎలుగులు ఆ చెట్ల కిందికి వస్తాయి. అలాంటి చోట్ల మాట్లాడుకుంటూ నడవాలి. మనిషి అలికిడి ముందే వినబడితే ఎలుగు చాలావరకు తప్పుకుంటుంది. ఎదురుపడి ఉలిక్కిపడితేనే మీదపడుతుంది.

సంచిలో ఏముండాలి

ఖరీదైన సామాను అక్కర్లేదు. చీలమండను కప్పే బూట్లు, రెండు జతల మేజోళ్లు, తలకు కట్టుకునే టార్చి, దానికి అదనపు బ్యాటరీలు. పది అడుగులకు పన్నెండు అడుగుల టార్పాలిన్ పట్టా, పదిహేను మీటర్ల నైలాన్ తాడు, దోమతెర. చలికి గొంగళి. కురుమ, గొల్ల పెద్దలు మంద వెంట ఏళ్ల తరబడి గొంగళి కప్పుకునే తిరిగారు, అది తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. చేతికి కర్ర. మెడలో ఈల. ఆపదలో ఉన్నామని చెప్పడానికి మూడుసార్లు ఊది, కాసేపు ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదాలి. అరిచి అరిచి గొంతు పోతుంది, ఈల పోదు.

తిండికి పులిహోర, అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు చాలు. మొదటి రాత్రి పొయ్యి పెట్టకపోయినా సద్ది మూటతో గడిచిపోతుంది.

కత్తి విషయానికొస్తే, అరచేతి పొడవు అలుగున్న ఒక గట్టి కత్తి చాలు. పదును ఉండాలి. మొండి కత్తే ఎక్కువగా చేతులు కోస్తుంది, ఎందుకంటే దాన్ని బలంగా నొక్కాల్సి వస్తుంది. కోసేటప్పుడు అలుగు ఎప్పుడూ ఒంటికి దూరంగా కదలాలి. కూర్చుని చెక్కుతుంటే రెండు తొడల మధ్య చెక్కవద్దు, మోకాలి పక్కకు తిరిగి చెక్కండి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంది, అది తెగితే నిమిషాలే మిగులుతాయి.

ఫోను ఉంటుంది కదా అనుకోవద్దు, లోపల సిగ్నల్ ఉండదు. మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మీద కూడా దారి గీసుకోండి. ఎక్కడికి వెళుతున్నారో, ఏ రోజు ఎన్నింటికి తిరిగొస్తారో, ఆ వేళ దాటితే ఎవరికి చెప్పాలో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. సంచిలో ఉన్న ఏ వస్తువుకన్నా ఈ చీటీ విలువైనది.

పొద్దు ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి గడియారం కూడా అక్కర్లేదు. చెయ్యి ముందుకు పూర్తిగా చాపి, అరచేతిని లోపలికి మడిచి, సూర్యుడి కింది అంచుకూ నేలకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. వేలికి పావుగంట చొప్పున నాలుగు వేళ్లు పడితే దాదాపు గంట. చుట్టూ కొండలుంటే చీకటి ఇంకా ముందే పడుతుంది. ఎనిమిది వేళ్లు మిగిలి ఉండగానే నడక ఆపి పడక ఏర్పాట్లు మొదలుపెట్టాలి.

నీళ్లు

మన ఎండలో రోజంతా నడిచే మనిషికి నాలుగైదు లీటర్లు కావాలి. అంతా మోయలేం కాబట్టి వాగు నీళ్లు వాడక తప్పదు. వాటిని శుద్ధి చేయడంలో రెండు పనులున్నాయి, చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. ఒకటి మట్టి తీయడం, రెండోది క్రిములను చంపడం.

మట్టి తీయడానికి మన పల్లెల్లో పాత పద్ధతి ఉంది, చిల్లగింజ. బొత్తంలా గుండ్రంగా, చిన్నగా ఉండే ఆ గింజను గరుకు రాతి మీద రెండు చుక్కల నీళ్లతో అరగదీయాలి. వచ్చిన గంధాన్ని బురద నీళ్లలో కలిపి, బాగా తిప్పి వదిలేయాలి. కాసేపటికి నీళ్లలో సన్నని తరకలు కనబడతాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా కిందికి దిగుతాయి. గంటా రెండు గంటల్లో పైన తేట, అడుగున మడ్డి. చిన్నప్పుడు మా ఇంట్లో కొత్త కుండ లోపలి గోడకే ఈ గింజను రుద్దేవారు. ఇక్కడో హెచ్చరిక. చిల్లచెట్టుకు దగ్గరి చుట్టం ముష్టిచెట్టు, దాని గింజ ప్రాణాంతకం. ముష్టి పండు నారింజలా నోరూరిస్తూ ఉంటుంది, లోపలి గింజలు బొత్తాల్లాగే బల్లపరుపుగా, ఇంకాస్త పెద్దగా ఉంటాయి. కాబట్టి అడవిలో ఏరుకోకండి, తెలిసిన పచారీ కొట్లో కొని తీసుకెళ్లండి.

తేరిన నీళ్లు శుభ్రమైన నీళ్లు కావు. గుడ్డలో వడకట్టి, బుడగలు తెర్లుతూ మరిగాక ఒక్క నిమిషం ఉంచాలి. రెండు వేల మీటర్లు దాటిన కొండల మీదైతే మూడు నిమిషాలు అంటారు. తూర్పు కనుమల్లో అతి ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన అర్మకొండే 1,680 మీటర్లు, కాబట్టి మనకు నిమిషం చాలు. పొయ్యి పెట్టకూడని చోట క్లోరిన్ మాత్రలు వేసి అరగంట ఆగాలి. మురికి నీళ్లలో మాత్ర సరిగా పనిచేయదు, ముందు తేర్చి తీరాలి.

పడక

ఎండిన వాగు ఇసుక మెత్తగా, చదునుగా ఉండి రమ్మని పిలుస్తుంది. అక్కడ పడుకోవద్దు. మీ నెత్తిన చుక్కలు మెరుస్తుండగానే పైకొండల్లో పడిన వానకు నీళ్లు వచ్చేస్తాయి. ఎండుకొమ్మలు వేలాడే చెట్టు కింద, పాముపుట్టల పక్కన, జంతువులు నీళ్లకు దిగే దారిలో కూడా వద్దు. వాగు గట్టుకు పైన, కాస్త వాలుగా ఉన్న చోటు చూసుకోండి.

రెండు చెట్ల మధ్య ఛాతీ ఎత్తున తాడు కట్టి, దాని మీద పట్టా వేసి, గాలి వచ్చే వైపు అంచును నేలకు దగ్గరగా లాగి కట్టాలి. కింద పరిచే గుడ్డ పట్టా అంచు దాటి బయటికి రాకూడదు, వచ్చిందంటే వాన నీటిని నేరుగా మీ వీపు కిందికి చేరుస్తుంది. తాడుకు ముడి ఒకటి నేర్చుకోండి. మా ఇంట్లో దూడను గుంజకు కట్టిన ముడే అది. తాడును చెట్టు చుట్టూ ఒకసారి తిప్పి, తన మీద నుంచే అడ్డంగా దాటించి, రెండోసారి చుట్టి, ఆ రెండో చుట్టు కిందుగా కొసను దూర్చి బిగించాలి. లాగే కొద్దీ పట్టు బిగుస్తుంది, వదులు చేస్తే సులువుగా ఊడుతుంది. కళ్లు మూసుకుని కట్టగలిగేదాకా మంచం కోడు మీద సాధన చేయండి.

దోమతెర అంచులను పరుపు కిందికి పూర్తిగా దోపాలి. అది దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. బాగా దోపిన తెర దానికీ అడ్డే. పొద్దున్నే బూట్లు దులపకుండా కాళ్లు పెట్టొద్దు.

నిప్పు

అనుమతి ఉన్న చోట, వేసవి కాని రోజుల్లో మాత్రమే. ఎండుటాకుల మీద కాదు, చుట్టూ నాలుగడుగుల మేర నేల ఊడ్చి. ముందు కొబ్బరిపీచు, దాని మీద అగ్గిపుల్లలంత పుల్లలు, తర్వాత వేలంత, ఆ తర్వాత మణికట్టంత. చెకుముకి రాయితో రాజేయడం నేర్చుకుంటే మంచిదే, కానీ సంచిలో మూత బిగుతైన చిన్న సీసాలో కర్పూరం బిళ్లలు ఉంచుకోండి. కర్పూరం నీటి మీద తేలుతూ కూడా మండుతుంది, తడి పుల్లల దగ్గర దాని విలువ తెలుస్తుంది. గన్నేరు కొమ్మను పొయ్యిలో పెట్టవద్దు, దాని పుల్లకు ఏదీ గుచ్చి కాల్చవద్దు, చెట్టంతా విషమే. వెళ్లేముందు బూడిద మీద నీళ్లు పోసి, చేత్తో తాకి చల్లగా ఉందో లేదో చూడాలి.

గాయాలు, కాట్లు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టమని నా మనవి.

రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి రెండు చేతులతో గట్టిగా నొక్కాలి. మధ్యమధ్య తీసి చూడకూడదు. పది నిమిషాలు గడియారం చూసి నొక్కాలి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి. చేతికో కాలికో తగిలిన గాయం అప్పటికీ ఆగకుండా చిమ్ముతుంటేనే గాయానికి పైన వెడల్పాటి పట్టీతో బిగించి కట్టాలి, కట్టిన సమయం రాయాలి.

ఎండకు నీరసించినవాళ్లలో చూడాల్సింది మాట. అలసట, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం వరకైతే నీడ, విశ్రాంతి, ఓఆర్‌ఎస్ సరిపోతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. మనిషి తడబడుతూ పొంతనలేకుండా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ, ప్రాణం మీదికి వచ్చినట్టు. అక్కడికక్కడే ఒంటిని తడిపి తువ్వాలుతో విసరాలి, వాగు దగ్గరుంటే తల పైకి పట్టుకుని నీళ్లలో కూర్చోబెట్టాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు.

తేనెటీగలు లేస్తే నేల మీద పడుకోకండి, కదలకుండా నిలబడకండి. ముఖం, తల కప్పుకుని దట్టమైన పొదల్లోకో గదిలోకో పరుగెత్తాలి. నీళ్లలో మునగడం పనికిరాదు, పైకి తేలేదాకా అవి కాచుకుని ఉంటాయి. ముళ్లను ఆలస్యం చేయకుండా గోటితో గీకి తీసేయండి. పెదాలు వాచి ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి పరుగే.

ఇక పాము. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి 58 వేలు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ ఈ నాలుగింటికీ కలిపి తయారైనదే. కాబట్టి ఏ పామో తేల్చడానికి దాన్ని వెతికి చంపాల్సిన పని లేదు. ఆ వెతుకులాటలో రెండో మనిషిని కరవచ్చు.

కాటు పడ్డాక వరుసగా ఇవి చేయండి. మనిషిని పాముకు దూరంగా తెచ్చి పడుకోబెట్టండి, ధైర్యం చెప్పండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ, కాలికున్న తాడు తీసేయండి, వాపు వస్తే అవే చేటు చేస్తాయి. విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర పెట్టి, కాటు పడిన కాలినో చేతినో కదలకుండా వదులుగా కట్టండి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, మంత్రం కోసం ఆగడం, వీటిలో ఏదీ వద్దు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. గంటల తర్వాత కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, గుటక మింగలేకపోవడం మొదలవుతాయి. పొద్దున్న లేచేసరికి ఇలా ఉంటే కాటు కనబడకపోయినా పామే అని అనుమానించండి. ఊపిరి ఆగిపోతే నోటి ద్వారా గాలి ఊదుతూ మోసుకెళ్తే ఆ మనిషి బతికే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ విషం ఊపిరి తీసే కండరాలను పడగొడుతుంది.

మనిషిని నడిపించకూడదు కాబట్టి మోయడం నేర్చుకోవాలి. ఏజెన్సీ డోలీ ఇక్కడ గురువు. బలమైన ఒక నిడుపాటి వాసానికి రెండు చివర్లా దుప్పటి కొసలు ముడేసి, ఉయ్యాలలా వేలాడదీసి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుంటారు. ఇరుకు కాలిబాటలో ఇదే నయం. దారి వెడల్పుగా ఉంటే రెండు కర్రల మీద గొంగళిని మూడు మడతలుగా వేస్తే స్ట్రెచర్. ఇద్దరు మిత్రులను పెట్టి ఒక కిలోమీటరు నిజంగా మోసి చూడండి. ఎంత సేపటికి భుజాలు మారాలో తెలుస్తుంది, అడవికి ఇద్దరే ఎందుకు వెళ్లకూడదో కూడా తెలుస్తుంది. నలుగురికి తగ్గకండి.

శిక్షణ

చదివి నేర్చుకునేవి కొన్నే. ఛాతీ మీద ఎంత బలంగా నొక్కాలో బొమ్మ మీద నొక్కితేనే చేతికి తెలుస్తుంది: ఐదు, ఆరు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. ఇండియన్ రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్స తరగతులు నడుపుతాయి. మొదట అక్కడ చేరండి. ఆ తర్వాత వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్, సాధారణంగా రెండు రోజులు, పదహారు గంటలు. బృందాలను నడిపించాలనుకునేవాళ్లకు దానికి పైమెట్టు ఫస్ట్ రెస్పాండర్ కోర్సు, ఎనిమిది నుంచి పది రోజులు. కొండల మీద ఆసక్తి ఉంటే 1954లో మొదలైన డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో మొదలైన ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ ఉన్నాయి. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయి తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి కోట బండ మీద, ఆ తర్వాతే డార్జిలింగ్.

అడవికి బయల్దేరే ముందు చేయాల్సిన ఆఖరి పనికి సంచి కూడా అక్కర్లేదు. మీరు వెళ్లే చోటికి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి నంబరు కనుక్కుని ఫోన్ చేయండి. పాముకాటు ఇంజక్షన్ మీ దగ్గర ఉందా, రాత్రిపూట ఇస్తారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అని మర్యాదగా అడగండి. వాళ్లు చెప్పింది 108 పక్కనే రాసుకుని ఆ కాగితాన్ని నలుగురి జేబుల్లోనూ పెట్టండి. అడవికి వెళ్లినా వెళ్లకపోయినా, మీ సొంత ఊరి కోసం ఆ ఫోన్ ఈ వారమే చేయండి.